పదార్థం ఒకటే, పంక్తి వేరు: రోమా తత్త్వవేత్తలు, తొలి క్రైస్తవులు, మన ఒంగోలు సీమ

మన చీరాలలో నలుగురు పెద్దవాళ్ళు ఒకచోట చేరితే మాట ఏదో ఒక దారిన మతాల మీదికి పోతుంది. అప్పుడు ఎవరో ఒకరు తప్పక అంటారు: "ఏ మతంలో చూసినా ఉన్నది అదేనండీ. అబద్ధమాడకు, దొంగతనం చేయకు, సాటివాణ్ణి ప్రేమించు. ఇందులో ఒకరు కొత్తగా చెప్పిందేముంది?" మన సంఘంలో హిందువులూ, క్రైస్తవులూ, ముస్లిములూ అందరూ ఉన్నారు. కనుక ఆ మాట అందరికీ సర్దుబాటుగా ఉంటుంది. కాఫీలు వస్తాయి, చర్చ ముగుస్తుంది.

కాని ఇదే ప్రశ్నను 1800 ఏళ్ళ క్రితం ఒక పెద్దమనిషి సర్దుబాటు కోసం కాక దెబ్బ కొట్టడానికి వేశాడు. అతని పేరు సెల్సస్. గ్రీకు తత్త్వం బాగా చదువుకున్నవాడు. క్రీ.శ. 178 ప్రాంతంలో క్రైస్తవులను ఖండిస్తూ ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకం ఇప్పుడు లేదు. అయితే సుమారు 70 ఏళ్ళ తరువాత ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు దానికి ఎనిమిది భాగాల జవాబు రాస్తూ సెల్సస్ మాటలను వరుసగా ఎత్తి చూపాడు. ఆ విధంగా ప్రతివాది దస్తావేజుల్లో వాది అర్జీ భద్రపడినట్లు సెల్సస్ వాదం మనదాకా వచ్చింది.

సెల్సస్ అన్నదేమిటంటే, కీడుకు కీడు చేయవద్దనే మాట క్రైస్తవుల సొంతం కాదు, ప్లేటో ఎప్పుడో చెప్పాడు, వీళ్ళు దాన్నే నాటుగా చెబుతున్నారు అని. క్రీ.పూ. 399లో మరణశిక్ష పడి జైలులో ఉన్న సోక్రటీసును మిత్రుడు క్రైటో తప్పించుకు పొమ్మంటే ఆయన ఒప్పుకోలేదు. మనకు ఎంత అన్యాయం జరిగినా తిరిగి అన్యాయం చేయరాదని వాదించి విషం తాగాడు. సెల్సస్ చూపించింది ఆ సందర్భాన్నే.

ఈ విషయంలో సెల్సస్‌తో వాదించడానికి నాకేమీ కనిపించదు. రోమా సామ్రాజ్యంలో స్టోయిక్కులనే తత్త్వవేత్తలు ఉండేవారు. మనిషికి మేలు కలిగించేది సద్గుణమొక్కటే, డబ్బూ పదవీ ఆరోగ్యమూ మన చేతిలో లేనివి, వాటికోసం పాకులాడరాదు అనేది వారి మతం. వారిలో సెనెకా నీరో చక్రవర్తికి గురువు, తరువాత మంత్రి వంటివాడు. బానిసలు కూడా మనుషులే, వారితో కలిసి భోజనం చేయడానికి సిగ్గుపడనక్కరలేదని మిత్రుడికి ఉత్తరం రాశాడు. మ్యూసోనియస్ రూఫస్ ఆడపిల్లలకు కూడా మగపిల్లలతో సమంగా తత్త్వం నేర్పాలన్నాడు. పుట్టిన బిడ్డలను బయట పారవేసే ఆచారాన్ని ఖండించాడు. ఎపిక్టెటస్ అయితే స్వయంగా బానిస, కుంటివాడు. ఉత్తమ తత్త్వవేత్త తనను కొట్టేవారిని కూడా తండ్రిలా, అన్నలా ప్రేమించాలని బోధించాడు. ఇంతకంటే ఏ పాస్టరుగారు మాత్రం ఏం చెబుతారు?

మనబోటి వృద్ధులకు పట్టే సంగతి ఇంకొకటి. రోములో కేటో అనే పెద్ద భూస్వామి వ్యవసాయం మీద పుస్తకం రాస్తూ ముసలి ఎద్దులనూ, పాత బండినీ, ముసలి బానిసలనూ, జబ్బు బానిసలనూ అమ్మి పారేయమని సలహా ఇచ్చాడు. తరువాతి కాలంలో ప్లూటార్కు ఆ సలహాను గట్టిగా తప్పుపట్టాడు. మన సేవలో ముసలిదైన ఎద్దును కూడా తాను అమ్మనని, మనిషి సంగతి చెప్పేదేమిటని అన్నాడు. ప్లూటార్కు క్రైస్తవుడు కాదు. దేవాలయ పూజారిగా పనిచేసినవాడు.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. ఈ రోము మనకు మరీ పరాయిది కాదు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఓడదారుల పుస్తకంలో మసాలియా అనే తీరం పేరు ఉంది. అది మన కృష్ణా ముఖద్వారపు తీరం. అక్కడ సన్నబట్ట విస్తారంగా తయారవుతుందని రాశాడు. వినుకొండలో దొరికిన రోమను బంగారు నాణేలు మన జిల్లా చరిత్ర చదివినవారికి తెలిసినవే. భారతదేశపు సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సులు పోతున్నాయని పెద్ద ప్లినీ మొత్తుకున్నాడు. ఒంటిమీద ఉన్నదో లేదో తెలియని పట్టుబట్టలు కట్టే స్త్రీలను సెనెకా విసుక్కున్నాడు. మగ్గాల ఊళ్ళో ఉన్నాం గనుక ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను. అయితే గుడ్డ పోయిన దారినే ఆ తత్త్వం మన దగ్గరికి వచ్చిందని నేను చెప్పబోవడం లేదు. నేను చెప్పదలచిన పోలిక వేరు. దానికి ముందు మాంసం సంగతి చెప్పుకోవాలి.

సెనెకా వయసులో ఉండగా ఒక గురువు మాట విని మాంసం మానేశాడు. ఒక ఏడాది మానాడు. శరీరమూ మనసూ తేలికపడ్డాయనీ రాసుకున్నాడు. కాని అది టైబీరియస్ చక్రవర్తి పాలన తొలి రోజులు. పరదేశపు మతాలవారిని అనుమానంగా చూస్తున్నారు. కొన్ని మాంసాలు మానడం అటువంటి మతానికి గుర్తుగా లెక్కకట్టేవారు. తండ్రి వద్దన్నాడు, సెనెకా మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. తండ్రికి తత్త్వశాస్త్రమంటేనే గిట్టదని కూడా ఆయనే చెప్పాడు. పెద్దింటి కుర్రవాడు గనుక మానినా గడిచింది, తిన్నా గడిచింది.

మూడవ శతాబ్దంలో పోర్ఫిరీ అనే తత్త్వవేత్త మాంసాహారం మానడం గురించి ఏకంగా గ్రంథమే రాశాడు. కాని ముందుగానే ఒక హద్దు గీశాడు. ఈ నియమం చేతిపనులవారికి కాదు, కుస్తీపట్టేవారికి కాదు, సైనికులకు కాదు, నావికులకు కాదు. తానెవరు, ఎక్కడినుంచి వచ్చాడు, ఎక్కడికి పోవాలి అని ఆలోచించే తీరిక ఉన్నవానికే. ఇందులో దాపరికం ఏమీ లేదు, అహంకారం కూడా పెద్దగా లేదు. తత్త్వమంటే తీరిక గలవారి సాధన అని వారు నిజంగానే నమ్మారు.

ఇప్పుడు సెల్సస్ అసలు కోపం ఎక్కడుందో తెలుస్తుంది. క్రైస్తవులు పాత నీతి చెబుతున్నారన్నది అతని చిన్న ఫిర్యాదు. ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారన్నది పెద్ద ఫిర్యాదు. ఉన్ని పనివాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, పెద్దల ఎదుట నోరు మెదపని మోటువాళ్ళు ఇళ్ళల్లో చేరి ఆడవాళ్ళకూ పిల్లలకూ ధర్మం బోధిస్తున్నారే అని అతని బాధ. చీరాల, పేరాల, ఈపూరుపాలెం వాళ్ళకు ఈ వృత్తుల జాబితా చదివితే రోము గుర్తుకు రాదు, తమ వీధి గుర్తుకు వస్తుంది.

ఓరిజెన్ జవాబు మన వంటింటి భాషలో ఉంది. బలమైన పదార్థం ఒకటే అయినా ఒక వంటవాడు ధనవంతులూ సుకుమారులూ తినగలిగేట్టు మసాలాలు దట్టించి వండుతాడు, మరొకడు అదే పదార్థాన్ని రైతులకూ పేదలకూ పనికివచ్చేట్టు వండుతాడు. ఎవరి వంట ఎక్కువమందికి ఆరోగ్యమిచ్చింది? ప్లేటో మొదటి రకం వంటవాడని ఓరిజెన్ అన్నాడు. పదార్థం తమదే అని ఆయన గొడవపడలేదు. పంక్తిలో ఎవరిని కూర్చోబెట్టారన్నదే అడిగాడు.

తొలి క్రైస్తవులు పంక్తిలో కూర్చోబెట్టింది ఎవరినో పౌలు కొరింథు సంఘానికి క్రీ.శ. 55 ప్రాంతంలో రాసిన మొదటి ఉత్తరంలో ఉంది. మీలో లోకరీతిని జ్ఞానులు, గొప్పవారు, ఘనవంశాల వారు ఎందరో లేరని ఆయన వారికి గుర్తు చేస్తాడు. ఆ ఉత్తరంలోనే మాంసం సమస్య కూడా వస్తుంది. కొరింథు బజారులో అమ్మే మాంసంలో చాలా భాగం గుళ్ళలో బలి ఇచ్చినది. తినవచ్చునా? విగ్రహం ఉత్తదే గనుక తింటే దోషం లేదని చదువుకున్నవారు వాదించారు. మీ వాదం సరే, మీరు తినడం చూసి బలహీనుడైన సోదరుడు తడబడితే ఆ మాంసం నేను ముట్టనే ముట్టనని పౌలు జవాబు. స్టోయిక్కు అయితే తన మనసు నిర్మలంగా ఉన్నదా లేదా అని ముందు చూసుకుంటాడు. పౌలు పక్కవాణ్ణి చూస్తున్నాడు.

దీని ఫలితం సర్కారు కాగితాల్లోకి ఎక్కింది. క్రీ.శ. 112 ప్రాంతంలో నల్లసముద్రం ఒడ్డున ఉన్న బిథీనియా పరగణాకు గవర్నరుగా వెళ్ళిన చిన్న ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి రిపోర్టు పంపాడు. ఆఫీసు నోట్లు రాసి రిటైరైన మనవారికి ఆ ఉత్తరం చదవడం సరదాగా ఉంటుంది. వీరిని ఏ సెక్షను కింద శిక్షించాలో తెలియక పైవారి ఉత్తర్వు కోరే జాగ్రత్తపరుడైన అధికారి మాట అది. విచారణలో అతనికి తేలిందేమిటి? వీళ్ళు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకుంటారు, దొంగతనం చేయమని, వ్యభిచరించమని, మాట తప్పమని, నమ్మి దాచుకున్న సొమ్ము ఎగవేయమని ప్రమాణం చేస్తారు. నిజం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను హింసించానని కూడా రాశాడు. వారిని సంఘంలో పరిచారికలు అంటారట. అన్నిటికంటే ముఖ్యం, బలి మాంసం కొనేవారే కరువైపోయారనీ, తన చర్యల వల్ల మళ్ళీ అమ్మకం మొదలైందనీ రాశాడు. సెనెకా మాంసం మానితే తండ్రికి తప్ప ఎవరికీ తెలియలేదు. అనామకులు మానితే పరగణా సంత మందగించింది.

ఇక మన సీమకు వద్దాం. ఇదే కథ, ఇదే కొరింథు ఉత్తరంతో సహా, చీరాలకు దక్షిణంగా ముప్పై మైళ్ళ అవతల ఒంగోలులో మరోసారి జరిగింది.

అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. బడి పెట్టారు. బ్రాహ్మణ, ఇతర అగ్రవర్ణాల పిల్లలు చేరారు. ఊరి పెద్దలూ ఆదరించారు. ఈలోగా పల్లెల నుంచి మాదిగలు కూడా క్రైస్తవంలోకి రావడం మొదలైంది. అగ్రవర్ణాలవారు నిష్కర్షగా చెప్పేశారు, వాళ్ళను చేర్చుకుంటే మేము రాము అని. దొరగారికి ఏమీ పాలుపోలేదు. ఆ రోజు చేతికందిన ఒక కొత్త బైబిలు తీస్తే పౌలు కొరింథువారికి రాసిన ఆ మాటల పుటే తెరుచుకుందనీ, భార్యకు చెబుదామని వెళితే ఆమె కూడా విడిగా అదే భాగం చదువుతూ కూర్చున్నదనీ ఆయన తరువాత రాసుకున్నారు. దైవ సంకల్పమో, కాకతాళీయమో ఎవరి నమ్మకం వారిది. నిర్ణయం మాత్రం జరిగిపోయింది. బడి ఖాళీ అయింది, పల్లెలు కదిలాయి.

అయితే ఈ కథకు నాయకుడు దొరగారు కారు, యెర్రగుంట్ల పేరయ్యగారు. ఒంగోలుకు పడమరగా 40 మైళ్ళ దూరాన తాళ్ళకొండపాడు వారి ఊరు. మాదిగ కుటుంబం, తోళ్ళ వ్యాపారం. క్రైస్తవం పేరు వినకముందే ఆయన దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగిన మనిషి. వీరమ్మ అనే స్త్రీ గురువు వద్ద రాజయోగం నేర్చుకున్నారు. దేవుడొక్కడే, రూపం లేనివాడు, ఊపిరిని నిగ్రహించి లోపల ధ్యానించాలి అనేది ఆ బోధ. దాన్ని ఆయన మరికొందరికి నేర్పారు, శిష్యులూ ఏర్పడ్డారు. వేమన, పోతులూరి వీరబ్రహ్మం వంటివారి మాటలు ఈ పల్లెల్లో అప్పటికే ఇంటింటా ఉన్నాయి. కులం వట్టిదని మన నేలమీద మొదట చెప్పింది అమెరికావారు కాదు. ఈ సంగతిని దాచకుండా రాసింది కూడా క్లౌ దొరగారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ గారే. పెద్దలు చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలుగా 1899లో ఆమె ఈ మాదిగ గురువుల, బోధకుల జీవితాలను పుస్తకంగా తెచ్చారు.

పేరయ్యగారి దారి చూస్తే నాకు రోములోని జస్టిన్ గుర్తుకు వస్తాడు. రెండవ శతాబ్దంవాడు. మొదట ఒక స్టోయిక్కు గురువును ఆశ్రయించాడు, ఆయన దేవుడి ఊసే ఎత్తలేదు. ఇంకొకాయన ముందు ఫీజు తేల్చుకుందాం అన్నాడు. పైథాగరస్ సంప్రదాయం గురువు సంగీతం, ఖగోళం, రేఖాగణితం వచ్చాకే రమ్మన్నాడు. ప్లేటో అనుచరుల వద్ద కొంత తృప్తి కలిగింది. చివరకు సముద్రపు ఒడ్డున ఒక ముసలాయన మాటలు విని క్రైస్తవుడయ్యాడు. అయినా తత్త్వవేత్తలు వేసుకునే ఉత్తరీయాన్ని విడవలేదు, సోక్రటీసులోనూ ఆ సత్యపు విత్తనమే ఉందన్నాడు. క్రీ.శ. 165 ప్రాంతంలో అతనికి మరణశిక్ష విధించిన అధికారి రస్టికస్ సామాన్యుడు కాదు. మార్కస్ అరీలియస్ చక్రవర్తికి స్టోయిక్కు గురువు, బానిస ఎపిక్టెటస్ బోధలను తన సొంత ప్రతి ఇచ్చి చక్రవర్తి చేత చదివించినవాడు. కొట్టేవాణ్ణి ప్రేమించమన్న పుస్తకం ఆ న్యాయాధిపతి ఇంట్లోనే ఉంది!

1866లో పేరయ్యగారు బాప్తిస్మం పొందారు. 1867 జనవరిలో దొరగారు తాళ్ళకొండపాడు వెళితే చుట్టుపక్కల పల్లెల నుంచి బియ్యం మూటలు నెత్తిన పెట్టుకొని జనం వచ్చి మకాం వేశారు. వారిలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వచ్చినవారిలో పేరయ్యగారి మాట విన్నవారే ఎక్కువ.

కొత్తగా చేరినవారికి క్లౌ దొరగారు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. పైకి చాలా చిన్న నియమాలు. ఎపిక్టెటస్ ముందు పెడితే ఇందులో తత్త్వమేముందని నవ్వేవాడేమో. కాని యెరూషలేములో తొలి అపొస్తలులు యూదులు కాని విశ్వాసులకు పంపిన నియమాలు కూడా నాలుగే, వాటిలో మూడు తిండికి సంబంధించినవే.

ఈ మూడు నియమాల బరువు తెలియాలంటే ఆనాటి పల్లె లెక్క తెలియాలి. ఊళ్ళో పశువు చస్తే ఈడ్చుకుపోవడం మాదిగల విధి. తోలు వారిది, మాంసమూ వారిదే. ఆ తోలుతో రైతుకు చెప్పులు, మోటకు తోలుబాన కుట్టి ఇవ్వాలి. కల్లంలో మేర కింద ధాన్యం దొరుకుతుంది. జాతరలో డప్పు కొట్టాలి. కరణం, మునసబు కబురంపితే వెట్టికి పోవాలి. ఇందులో ఏ ఒక్క ముడి విప్పినా మొత్తం విడిపోతుంది. ఆదివారం రాను అంటే పంటకాలంలో ఆసామికి నష్టం. మాంసం తినను అంటే నీచుడనే ముద్రకు ఉన్న సాకు పోతుంది. డప్పు కొట్టను అంటే జాతరే ఆగిపోతుంది. అందుకే చాలా ఊళ్ళలో వారిని పనులకు పిలవడం మానేశారు, సరుకులు అమ్మలేదు, నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు. ప్లినీ నాటి బిథీనియాలో మాంసం అంగళ్ళవారు ఎందుకు గగ్గోలు పెట్టి ఉంటారో మన పల్లెల్ని చూస్తే అర్థమవుతుంది.

ఆదివారం మాట వచ్చింది గనుక సెనెకా అభిప్రాయం కూడా చెప్పాలి. యూదులు విశ్రాంతి దినం పేరిట ఆయుస్సులో ఏడవ వంతు సోమరితనంలో పోగొట్టుకుంటున్నారని ఆయన ఎత్తిపొడిచాడు. బానిసతో కలిసి భోజనం చేయమన్న సెనెకాయే ఇది అన్నాడు. మరి ఆ బానిసకు ఏడవరోజు సెలవంటే ఏమిటో ఆయనకు తట్టలేదు! జీవితమంతా సెలవైనవాడికి సెలవు విలువ తెలియదు. ముప్పై, ముప్పై అయిదేళ్ళు అటెండెన్సు రిజిస్టరులో సంతకాలు పెట్టిన మనం అతనికి చెప్పగలం.

తరువాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధాని అంతటా లక్షల జనం చచ్చిపోయారు. సర్కారు బకింగ్‌హాం కాలువ పని కరువు పనిగా చేపట్టింది. మన పెదగంజాం దగ్గర నుంచి దక్షిణంగా సాగే కాలువే అది. క్లౌ దొరగారు కుర్రతనంలో అమెరికాలో భూముల సర్వే చేసిన మనిషి. ఆ అనుభవంతో కాలువలో మూడున్నర మైళ్ళ పనిని తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఇతర మేస్త్రీల కింద మాదిగలకు తిట్లూ దెబ్బలూ తప్ప పూర్తి కూలి దక్కేది కాదు. ఈ పనిలో మేస్త్రీలుగా బోధకులనే పెట్టారు. పగలు తవ్వకం, విశ్రాంతి వేళ బోధ.

ఇక్కడే ఆక్షేపణ వస్తుంది. కూటి కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. దొరగారికి ఆ మాట ముందే తెలుసు. సహాయం నడిచినంతకాలం, సుమారు 15 నెలలు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వెళ్ళలేదు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద మూడు రోజులలో 3,536 మంది, అందులో జూలై 3వ తేదీ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినది దొరగారు కాదు. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీ నీళ్ళలో నిలబడి ఇచ్చారు. పడమటి పత్రికల్లో ఈ సంఖ్య మారుమోగిపోయింది. నా మట్టుకు ఆ పదిహేను నెలల నిరీక్షణే దానికంటే పెద్ద సంగతి.

కూటి కోసమనే నింద రోములోనూ ఉంది. దానికి కారణమైన ఏర్పాటు కూడా అక్కడిదే. ఆగస్టస్ చక్రవర్తి క్రీ.శ. 6లో సైనికుల కోసం ఒక ప్రత్యేక ఖజానా పెట్టాడు. సొంతంగా 17 కోట్ల సెస్టర్సులు వేసి, వారసత్వపు ఆస్తుల మీద నూటికి అయిదు, వేలం అమ్మకాల మీద నూటికి ఒకటి పన్ను విధించాడు. సర్వీసు ముగిసిన సైనికునికి 12,000 సెస్టర్సులు ఒకేసారి ముట్టేవి. మన లెక్కలో ఇది గ్రాట్యుటీ, పింఛను కాదు. అదైనా సైనికునికే. మగ్గం పనివాడికి, ముసలి బానిసకు ఏ ఖజానా లేదు. క్రీ.శ. 197 ప్రాంతంలో కార్తేజి నగరంలో టెర్టులియన్ తమ సంఘం పెట్టె గురించి రాశాడు. నెలకోసారి ఎవరికి తోచింది వారు వేస్తారు, బలవంతం లేదు. ఆ సొమ్ము విందులకు పోదు. పేదల కూటికి, వారి అంత్యక్రియలకు, దిక్కులేని పిల్లలకు, ఇల్లు కదలలేని వృద్ధులకు, ఓడ మునిగి సర్వం పోగొట్టుకున్నవారికి, జైళ్ళలో గనుల్లో ఉన్నవారికి పోతుంది. క్రీ.శ. 251 నాటికి రోము సంఘం 1,500 మందికి పైగా వితంతువులనూ దీనులనూ పోషిస్తున్నదని దాని బిషపు రాశాడు. చందా పుస్తకాలు చూసినవారికి ఆ ఏర్పాటు వెనుక ఎంత చాకిరీ ఉంటుందో తెలుస్తుంది.

ప్లూటార్కు తన ముసలి ఎద్దును అమ్మలేదు, మంచిదే. కాని ఊళ్ళో మిగిలిన ఎద్దుల సంగతి ఎవరు చూడాలి? ఆ ప్రశ్న తత్త్వవేత్తల బళ్ళలో లేచినట్టు కనబడదు. క్రీ.శ. 362లో, పాత దేవతల పూజను నిలబెట్టాలని పట్టుపట్టిన జూలియన్ చక్రవర్తికే ఆ లోటు కనిపించింది. ఆ నాస్తికులు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనకు సిగ్గుచేటు అని గలాతియా ప్రధాన పూజారికి రాసి, బీదలకూ బాటసారులకూ పంచమని ఏటా 30,000 కొలతల గోధుమలు మంజూరు చేశాడు. ఆనాడు దేవతలను ఒప్పుకోరు గనుక క్రైస్తవులను నాస్తికులనేవారు. ఏడాది తిరిగేసరికి జూలియన్ పర్షియా యుద్ధంలో చనిపోయాడు.

ఇంత చెప్పి రెండోవైపు చెప్పకపోతే తూకం తప్పుతుంది. పంక్తిలో కూర్చోబెట్టడం వేరు, పంక్తి బయట కూడా సమానంగా చూడటం వేరు. పారిపోయి వచ్చిన ఒనేసిము అనే బానిసను పౌలు సోదరునిగా చేర్చుకో అని రాస్తూనే యజమాని ఫిలేమోను దగ్గరికి తిప్పి పంపాడు. బానిసలు యజమానులకు లోబడాలని పేతురు పేరున ఉన్న ఉత్తరం చెబుతుంది. క్రైస్తవ చక్రవర్తులు వచ్చాక కూడా బానిస సంతలు నడిచాయి. మనిషిని కొనడానికి వెల ఎంతని దేవుని రూపానికి కట్టారు అని నాలుగవ శతాబ్దం చివరలో నిస్సాకు చెందిన గ్రెగరీ ప్రసంగించాడు గాని, ఆయన గొంతు చాలాకాలం ఒంటరిగానే ఉండిపోయింది.

మన సీమలో బానిసత్వం స్థానంలో కులం ఉంది. గుంటూరులో 1842 నుంచి పనిచేసిన లూథరన్ మిషనులో మాలలు ఎక్కువ చేరారు, ఒంగోలు బాప్టిస్టులలో మాదిగలు ఎక్కువ. ఒకే ప్రభువు పేరు చెప్పుకునే రెండు పల్లెల మధ్య పెళ్ళి సంబంధం అంటే పెద్దలు ముఖముఖాలు చూసుకున్న రోజులు మన తరంవారు చూసినవే. పెద్ద కులాల నుంచి మారినవారు తమ బల్ల తామే విడిగా వేసుకున్న ఊళ్ళూ ఉన్నాయి. ఊరికి ఈ తేడాలేవీ పట్టలేదు. బాప్తిస్మం తీసుకున్నవాడిని కూడా ఊరు పాత పేరుతోనే పిలిచింది, పాత దూరంలోనే నిలబెట్టింది.

రోమను నాణేలు దొరికిన ఆ వినుకొండలోనే 1895లో గుర్రం జాషువాగారు పుట్టారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇద్దరూ క్రైస్తవులు. క్రైస్తవ ఇంట పెరిగి బడిలో, సభల్లో, భోజనాల దగ్గర ఆయన పడిన అవమానాలు ఆయనే స్వీయచరిత్రలో రాశారు. 1941లో వెలువడిన గబ్బిలంలో ఆయన నాయకుడు గుడి గడప తొక్కే హక్కు లేనివాడు. కనుక ఆ గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలం చేత కాశీ విశ్వనాథునికి తన గోడు విన్నవించుకుంటాడు. ఆ నాయకుడు కూడా అరుంధతీయుడే, చెప్పులు కుట్టి బతికేవాడే.